రాణిగారి జుట్టు

మా ఆయన అన్నగారు విగ్గులు కడతారు. వలగుడ్డ మీద కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకా ముడివేస్తూ కూర్చున్నారంటే పక్కిల్లు తగలబడినా తలెత్తరు. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. బావగారికి తల్లిలేని కూతురొకతి, దానికి మోకాళ్లు దాటే జుట్టు. ముఖం మాత్రం అంతంతమాత్రం. ఇది నా మాట కాదు, చిన్నప్పటి నుంచీ చుట్టాలంతా దాని ఎదుటే అన్నారు. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందని నేనే వెనకేసుకొచ్చేదాన్ని. వీధిలో జనం వెనక్కి తిరిగి చూసేది ఆ జడనే. దానికి ఉన్న గర్వమల్లా అదొక్కటే.

టీవీ కంపెనీవాళ్లు పాతకాలపు రాజుల సీరియల్ కోసం రాణికి విగ్గు అడిగారు. అంత పొడవు జుట్టు బావగారి పెట్టెల్లో లేదు. ఇంట్లో ఉంది. రాణి నెత్తిన నీ జుట్టు ఉంటుంది, లోకమంతా చూస్తుంది అని బావగారు పిల్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. చివరికి అది ముక్కాలిపీట మీద కూర్చుంది. మెడ దగ్గర రెండుచోట్ల బిగించి కట్టి, ఆయనే కత్తెర వేశారు. అప్పటి నుంచి పిల్ల తలకు రుమాలే. టీవీలో రాణిని చూస్తే ఏడుపు మరిచిపోతుందిలే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సీరియల్ మొదలైంది. అంతా వాన, బురద, చీకటి. మాట్లాడుకునేవాళ్లు తక్కువ, పీకలు కోసుకునేవాళ్లు ఎక్కువ. ఎవడు రాజో ఎవడు దొంగో తెలిసేలోపే చచ్చేవాడు. పిల్ల కళ్లార్పకుండా రాణి కోసం చూసింది. రాణి గుండుతో వచ్చింది. కథ మార్చారట, మాకెవరు చెబుతారు? మా ఆయన నవ్వాడు. ఆ పూట ఆయనకు అన్నం పెట్టలేదు.

ఇంకెక్కడో వాడతారులే అన్నారు బావగారు. వాడారు. మరుసటి వారం ఒక సైనికుడు నరికిన ఆడమనిషి తలను జుట్టు పట్టుకుని గిరగిరా తిప్పి, గుర్రం తోకకు కట్టి బురదలో ఈడ్చాడు. ఆ జుట్టులో చెవి పక్కన రాగిరంగు పాయ కనిపించింది. మా పిల్లకు పుట్టుకతో వచ్చిన పాయ అది.

"నాదే," అంది పిల్ల.

బావగారు టీవీకి ముక్కు ఆనేంత దగ్గరగా జరిగారు.

"చూశావా తల్లీ, అంత లాగినా ఒక్క ముడి ఊడలేదు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, గర్వంతో. ఆ మనిషిని అంత సంతోషంగా నేనెన్నడూ చూడలేదు. అంతగా అసహ్యించుకోనూ లేదు.

కంపెనీవాళ్లకూ పని నచ్చింది. అలాంటిదే ఇంకొకటి కావాలని కబురు పెట్టారు. బావగారు కూతురి రుమాలు తీసి, పెరిగిన జుట్టును వేళ్లతో కొలిచారు. పిల్ల కదలకుండా కొలవనిచ్చింది.

"ఈసారి తలతో సహా ఇచ్చెయ్ నాన్నా," అంది. "వాళ్లకెలాగూ తల కూడా కావాలిగా."

ఆయన వినిపించుకోలేదు. ఇంకా బెత్తెడైనా రాలేదని చిరాకుపడుతున్నారు.