అత్తమ్మ చూడకుండా తీసుకున్న గది

ఆ రోజుల్లో నా చేతిలో స్మార్ట్ ఫోనూ, తలలో బోలెడు తెలివీ ఉన్నాయని నా గట్టి నమ్మకం. ఫోను సంగతి నిజమే. డిగ్రీ అయిపోయి, ఆర్మూర్‌లో మా మేనమామ పసుపు దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి ఏడాది అది. మామ రైతుల దగ్గర పసుపు కొని లారీల్లో బయటి రాష్ట్రాలకు పంపేవాడు, నేను ఆ లారీల కాగితాలు టైపు చేసేవాణ్ని. ప్రతి కాగితం మీద దుకాణం పేరు, దాని కింద దుకాణం ఫోన్ నంబరు. ఆ నంబరు నిద్రలో లేపి కొట్టమన్నా కొట్టేవాణ్ని. (ఇదేం గొప్ప అంటారేమో, నేనూ అప్పుడు గొప్పే అనుకున్నాను.)

మే నెల వచ్చి పసుపు రాక తగ్గాక, అత్తమ్మ పెళ్లైన ఇరవై ఏళ్లలో మొదటిసారి ఒక కోరిక కోరింది. ఎటైనా చల్లటి జాగాకు పోదామంది. మామ ఏ కళనున్నాడో ఒప్పుకున్నాడు. ఊటీ ఖాయమైంది, మన హైవే మీదనే ఎక్కి బెంగళూరు దాకా తిన్నగా పోవడమే కదా అని. కారు, డ్రైవరు, మామ, అత్తమ్మ, ఫోను పట్టుకోవడానికి నేను. వాళ్ల పిల్లలిద్దరూ నవీపేటలో అమ్మమ్మ ఇంట్లో. గురువారం పొద్దున ప్రయాణం. అంతా బాగానే ఉంది గానీ, రూములు ముందే బుక్ చేద్దామని నేనన్నప్పుడు తగువు మొదలైంది.

"సరుకు సూడకుండ ధర మాట్లాడుడా?" అన్నాడు మామ. "నా జిందగీల పసుపుకొమ్ము ఇర్శి సూడకుండ ఒక్క బస్తా కొన్ననారా అల్లుడా?"

"అది పసుపు మామా, ఇది రూము. ఎండకాలం, అందరు గాడికే ఉర్కుతరు. ఫోన్ల ఫొటోలున్నయి, సూడు."

"ఫొటో వాసనొస్తదా?" అని మామ ఫోను నా చేతికే తిరిగిచ్చాడు.

ఆ సాయంత్రం అత్తమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "బిడ్డా, నాకు ఊటీ గీటీ ఏం ఎరుకలేదు. ఒక్క దినం పొద్దెక్కేదాక పండుకోవాలె. లేశినంక చాయ్ ఎవలన్న నా చేతికియ్యాలె. ఇరవై ఏండ్ల సంది ఇంట్ల అందరి చాయ్ నేనే పెడుతున్న. జర నువ్వే సూడు" అంది. ఆమె మొహం చూసి నాకు చాలా బాధేసింది. ఫికర్ చేయకు అని మాటిచ్చి, మామకు తెలియకుండా ఊటీలో చెరువు పక్కన రెండు గదులు బుక్ చేశాను. బుక్ చేసినప్పుడు వచ్చిన గర్వం మాత్రం లోపల పట్టక, డ్రైవరుకు చెప్పుకున్నాను.

మొదటి రోజు సాయంత్రానికి అనంతపురం చేరాం. అక్కడ మామ లాడ్జి గదులను చూసిన పద్ధతి చూడాల్సిందే. పరుపు నొక్కాడు, దిండు వాసన చూశాడు, గోడ మీద గోరుతో గీకాడు. "తేమున్నది" అన్నాడు, తడిసిన బస్తాను చూసినట్టు. తర్వాత తన ధర చెప్పి, తువ్వాలు సర్దుకుంటూ మెల్లగా నాలుగడుగులు బయటికి వేశాడు. పసుపు బేరంలో ఇది ఆచారం. కొనే ఖరీదుదారు నాలుగడుగులు వేస్తాడు, అయిదో అడుగుకు వెనక నుంచి "సేటూ, జర ఆగు" అని పిలుపు వస్తుంది. మామ అయిదు వేశాడు, ఆరు వేశాడు, కారు దాకా వచ్చేశాడు. వెనక నుంచి పిలుపు రాలేదు గానీ, మా వెనకే వచ్చిన కుటుంబం తాళంచెవి పట్టుకుని మెట్లెక్కేసింది. మూడు లాడ్జిల్లో ఇదే జరిగింది. చివరికి ఒక ఫంక్షన్ హాలు వాచ్‌మన్‌ను బతిమాలి, పెళ్లివాళ్లు వదిలి వెళ్లిన జంపఖానా మీద పడుకున్నాం. తెల్లారి అత్తమ్మ అలవాటు ప్రకారం చీకటితోనే లేచి, వాచ్‌మన్ పొయ్యి మీద అందరికీ చాయ్ పెట్టింది. నా వైపు చూడలేదు.

నేను మాత్రం ధీమాగా ఉన్నాను. ఆ సాయంత్రం ఊటీలో ఆ చెరువు పక్క లాడ్జి ముందు కారు ఆపించి, "మామా, సైలెంట్‌గ నా వెంట రా" అన్నాను. కౌంటర్ దగ్గరి మనిషి నా ఫోను చూసి, ఈ బుకింగ్ నిన్ననే రద్దయిందన్నాడు. వస్తున్నారా అని అడగడానికి నేనిచ్చిన నంబరుకు ఫోన్ చేశారట, రామని మా వాళ్లే చెప్పారట. నంబరు చూశాను. దుకాణం నంబరు! నా చేతివేళ్లు అలవాటు కొద్దీ లారీ కాగితంలా నింపేశాయి. దుకాణంలో ఉన్న ముసలి గుమాస్తాకు ఫోన్ చేశాను.

"అవు బిడ్డా, ఎవడో హిందీల అడిగిండు, సేటు వస్తుండా అని. సోమారం దాక రాడని కడక్‌గ చెప్పిన. ఎవలడిగినా గదే చెప్పుమని మీ మామనే చెప్పిపోయిండు గద!"

తప్పు ఆయనదా? ఆయన నూటికి నూరుపాళ్లు నిజమే చెప్పాడు. మామ నన్ను తిడతాడనుకున్నాను. ఆయన నవ్వాడు, అది ఇంకా ఘోరం. చినుకులు మొదలయ్యాయి. ఎక్కడ అడిగినా ఖాళీ లేదు. నాలుగో లాడ్జిలో వంటగది పక్కన ఒకే ఒక్క గది ఉందన్నారు. మామ అలవాటుగా, "సూసొస్త" అని లేచాడు. ఆయన వెనక ఇంకో కుటుంబం సూట్‌కేసులు దింపుతోంది. అప్పుడు అత్తమ్మ కారు దిగి, మామను దాటుకుని కౌంటర్ దగ్గరికి పోయి చెయ్యి చాపింది.

"తాళం ఇయ్యుండ్రి."

"ఏమే, సూడకుండనే?" అన్నాడు మామ.

"మిమ్ముల గూడ సూడకుండనే చేస్కున్న. ఎల్లదీస్తలేనా?"

మామ పక్కకు జరిగాడు. ఆ గదిలో మంచం ఒకటే. మేం ముగ్గురు మగవాళ్లం కారులో ముడుచుకున్నాం. ఆ చలి గురించి చెప్పను.

పొద్దున ఆరింటికి మామ వంటగదిలో చాయ్ అడిగి తెచ్చి, ఆమె తలుపు ముందు నిలబడ్డాడు. కొట్టడానికి చెయ్యెత్తాడు, దించాడు. నేను కొడతానంటే, "ఉండనీ, పండుకోనీ" అన్నాడు. ఆ చాయ్ చల్లారింది, ఇంకోటి తెచ్చాడు. అదీ చల్లారింది. బజారులో ఎవరి కోసమూ రెండు నిమిషాలు ఆగని మనిషి, దాదాపు తొమ్మిది దాకా గ్లాసుతో అక్కడే నిలబడ్డాడు. అత్తమ్మ జుట్టు చెదిరి, చెంప మీద దిండు ముడతలతో బయటికొచ్చింది. గ్లాసు అందుకుని మెట్ల మీద కూర్చుని, పూర్తిగా తాగి, "ఇంకున్నదా?" అంది. మామ వంటగదికి పరుగెత్తాడు. ఊటీలో తోటలూ చెరువూ చూశామట. నాకు ఆ మెట్లే గుర్తున్నాయి.

ఇప్పుడు దుకాణం నేనే చూస్తున్నాను. ఈ ఎండాకాలం కొడైకెనాల్‌లో రూములు నెల ముందే బుక్ చేశాను, నా సొంత నంబరిచ్చి, రెండుసార్లు ఫోన్ చేసి ఖాయం చేసుకుని. నా ముందుచూపును నేనే మెచ్చుకుంటూ ఇంటికొచ్చి చెప్పాను. నా భార్య రొట్టెలు కాలుస్తూ అంతా విన్నది.

"మంచిగున్నది. పిల్లలను తీస్కొని మీరు పోయి రాండ్రి" అంది. "నాకు మూడు దినాలు ఇల్లు ఇడ్శిపెట్టుండ్రి, గంతే సాలు."

నెల రోజులు ఫొటోలు చూశాను, దిండ్ల గురించి రాసిన అభిప్రాయాలు కూడా చదివాను. ఆమెను ఒక్కమాటైనా అడగలేదు. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. లోపలికి పోయి లాడ్జికి ఫోన్ చేసి, ఒకరు తక్కువ వస్తామని చెప్పాను.