కరెంటు పొయ్యి ముందు పీట

మా అమ్మ వంటింట్లోకి చెప్పులతో రానిచ్చేది కాదు. పొయ్యి ముందు పీట లేకుండా నిలబడనిచ్చేది కూడా కాదు. చిన్నప్పుడు ఈ రెండూ ఒకే రకం మడి అనుకునేదాన్ని. రెండోది మడి కాదని, ఒకసారి షాకు తగిలాక తెలిసింది.

మేం పెరిగింది ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా కొండల కింద, ఇనప గనివాళ్ల టౌన్‌షిప్పులో. నాన్నది గనిలో షిఫ్టు ఉద్యోగం, సొంతూరు పార్వతీపురం దగ్గర పల్లె. క్వార్టర్లలో కరెంటుకు కొదవ లేదు, అందుకని మా ఇళ్ల లైను లైనంతా హీటర్ల మీదే వంట. హీటరంటే ఇప్పటివాళ్లకు విడమర్చి చెప్పాలి. ఒక ఇనప చట్రం, అందులో పింగాణీ పళ్లెం, పళ్లెంలో చుట్టలు తిరిగిన గాడి, ఆ గాడిలో స్ప్రింగులాంటి కాయిల్. మూతా ముసుగూ ఏమీ లేవు. గిన్నె అడుగు కాయిల్‌కి తగిలితే గిన్నెలోకి కూడా కరెంటు వచ్చేస్తుంది. అందుకే అమ్మ చెక్కపీట ఎక్కి వండేది. గరిటె పెట్టే ముందు స్విచ్చు ఆపేది, కలిపేది, మళ్లీ వేసేది. టక్, కలుపు, టక్. బయట ఆడుకుంటున్న మాకు పోపు వాసన కన్నా ముందు ఆ చప్పుడు వినిపించేది. ఒకసారి చిక్కుడుకాయ కూర రుచి చూద్దామని స్విచ్చు ఆపకుండా స్టీలు చెంచా పెట్టాను. చెంచా ఎటు ఎగిరిందో తెలీదు. అమ్మ ముందు నన్ను దగ్గరకు లాక్కుంది, తర్వాత వీపు వాయగొట్టింది.

ఆ కాయిల్ రంగు చూసి అమ్మ వంట చేసేది. కనకాంబరం రంగుకొస్తే ఎసరు పెట్టాలి, ఇటుక రంగుంటే పాలు. సాయంత్రం లైను మొత్తం ఒకేసారి హీటర్లు వేస్తే వోల్టేజి పడిపోయేది. బల్బులు మినుకుమినుకుమంటుంటే ఆడవాళ్లు గుమ్మాల్లోకొచ్చి ఒకరినొకరు తిట్టుకునేవాళ్లు. "ఎవరింట్లో రెండు హీటర్లు పెట్టారు?" అని మా అమ్మ తెలుగులో అరిస్తే, పక్క క్వార్టరు దీదీ ఛత్తీస్‌గఢీలో జవాబిచ్చేది. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. తిట్లు మాత్రం పూర్తిగా అర్థమయ్యేవి. ఆ గుమ్మాలూ, ఆ మసక వెలుతురూ, గంజి పొంగి కాయిల్ మీద మాడిన వాసనా ఇప్పటికీ నన్ను వదల్లేదు.

గంజి పొంగిందంటే కాయిల్ ఠప్పున తెగేది. గని నుంచి వచ్చే ఎర్రదుమ్ము గాడిలో పేరుకున్నా ఇబ్బందే. నాన్న షిఫ్టులో ఉంటాడు కాబట్టి బాగుచెయ్యడం అమ్మ పనే. మా లైనులో ఆడవాళ్లందరికీ ఆ పని వచ్చు. తెగిన రెండు కొనలనూ కాస్త సాగదీసి, ఒకదాంట్లో ఒకటి మెలేసి గాడిలో కూర్చోబెట్టేవాళ్లు. కొత్త కాయిల్ అయితే వారపు సంతలో కొనుక్కొచ్చి, ఒక కొన కిటికీ ఊచకు తగిలించి, గాడి పొడవుకు సరిపడా లాగేవాళ్లు. ఎక్కువ లాగితే కాయిల్ పనికిరాదు. అందుకని ఆ కాసేపు ఎవరూ అమ్మతో మాట్లాడకూడదు.

ఈ పనికి ముందు లైనులో ప్రతి ఆడదీ తప్పకుండా చేసే పని ఒకటుండేది. ప్లగ్గు పీకి, దాన్ని తెచ్చి బొడ్లో దోపుకునేది. హీటరు నేల మీద, ప్లగ్గు నడుము దగ్గర, మధ్యలో వైరు. తనకు తెలియకుండా ఎవరూ కరెంటు వెయ్యలేరన్నమాట. ఇంట్లో పిల్లలున్నారు, నిద్రమత్తులో లేచే మగవాళ్లున్నారు, ఎవరినీ నమ్మడానికి లేదు. అమ్మ అలా కూర్చుని ఉంటే తాళాల గుత్తి దోపుకున్న జమీందారిణిలా ఉందని నాన్న ఆటపట్టించేవాడు.

నాన్న రిటైరయ్యాక హీటరు దీదీకి ఇచ్చేసి, క్వార్టరు అప్పజెప్పేశాం. ఆ తర్వాత నాన్న ఎన్నాళ్లో లేడు. ఒక ట్రంకుపెట్టె, పాత చీరలో మూటగట్టిన పీటా తీసుకుని అమ్మ జగదల్‌పూర్‌లో మా ఇంటికి వచ్చింది.

వచ్చిందన్న మాటే గానీ, ఉన్నట్టు లేదు. అల్లుడి ఇల్లు కదా! మా ఆయన ఇంట్లో ఉంటే కుర్చీలో కూర్చోదు. ఫ్రిజ్ తియ్యాలన్నా నన్ను అడుగుతుంది. ఆయనతో ఏదైనా చెప్పాలంటే తలుపు చాటు నుంచి నాకు చెబుతుంది, ఆయన పక్కనే నిలబడి వింటుంటాడు. నాకు ఒళ్లు మండేది. పీట మూట విప్పమంటే "అల్లుడింట్లో నా పీటెందుకే" అని మంచం కిందకు తోసేసింది. లైనంతా వినిపించేలా అరిచిన మనిషి ఇలా గోడకు అతుక్కుని తిరుగుతుంటే చూడలేకపోయేదాన్ని.

మా ఆయనది కుంట ఊరి వైపు, శబరి నది ఒడ్డున ఒక పల్లె. నగర్‌నార్ ఉక్కు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. బదిలీ మీద వెళ్లిపోతున్న స్నేహితుడి దగ్గర ఒక పెద్ద కరెంటు పొయ్యి తీసుకున్నాడు. పైన నాలుగు ఇనప ప్లేట్లు, ముందు తిప్పే నాబ్‌లు, కింద ఓవెను. అత్తగారికి కరెంటు వంట అలవాటని ముచ్చటపడి తెచ్చాడు.

"ఏందత్తా, అట్ల దూరంగ నిలబడ్డవ్? ఇది షాకు కొట్టదు. నువ్వే మొదలువెట్టాలె" అన్నాడు.

అమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇనప రొట్టెల్లాగున్నాయి. ఎర్రబడవేటే ఇవి? ఏడి ఎంతుందో ఎలగ తెలుస్తాది?" అంది.

అయినా వండింది. వంకాయ, ఎండుచేపలు. గరిటె పెట్టబోయిన ప్రతిసారీ నాబ్ ఆపేసింది, కలిపింది, మళ్లీ తిప్పింది. ఆ ఇనప ప్లేటు వేడెక్కడానికే బోలెడు సేపు పడుతుంది, ఈవిడేమో వేడెక్కనివ్వదు. "ఆపకమ్మా!" అని నేను గోల. "నాను ఆపట్లేదే, సెయ్యి ఆపేస్తంది" అని అమ్మ. కూర ఉడికేసరికి అందరికీ ఆకలి చచ్చిపోయింది.

కొన్ని వారాలు ఈ టక్‌టక్‌తోనే గడిచాయి. ఒకరోజు ఎసరు పెడితే పెద్ద ప్లేటు వేడెక్కలేదు. నాబ్ ఎటు తిప్పినా చల్లగానే ఉంది. అమ్మ ముఖం పాలిపోయింది.

"బాబు గారు ముచ్చటపడి తెచ్చుకున్నారు. నాను పాడుసేసినాను."

ఆ సాయంత్రమే పార్వతీపురం టికెట్టు తీయించమంది. అక్కడ పిన్ని ఉంది. కొన్నాళ్లుండి వస్తానంది గానీ ట్రంకుపెట్టె సర్దుతోంది. కొన్నాళ్లకు వెళ్లేవాళ్లు చలికాలం దుప్పట్లు సర్దుకోరు. అమ్మ వెళ్తే ఇక రాదని నాకు తెలుసు. మా ఆయన ఆపబోతే తలుపు చాటుకు వెళ్లిపోయింది.

మెకానిక్కుకు ఫోన్ చేస్తే రోజూ "కల్ పక్కా" అంటాడు. ఆ రేపు ఎప్పటికీ రాలేదు. చివరికి నేనే మొండికేశాను.

"అమ్మా, నువ్వే చూడు."

"అల్లుడి వస్తువు మీద సెయ్యెయ్యనే."

"అల్లుడి వస్తువేంటి? రోజూ తోమేది నేను, వండేది మనం. ఇది నా పొయ్యి. నా పొయ్యి బాగుచేసి అప్పుడు వెళ్లు."

అమ్మ పొయ్యి వైపు చూసి, టెస్టరూ స్క్రూడ్రైవరూ తెమ్మంది. పొయ్యిని ముందుకు లాగాం. ప్లగ్గు కోసం వెతికింది. ప్లగ్గు లేదు, లావు వైరు నేరుగా గోడలోకి పోయింది. హాల్లో ఉన్న మెయిన్ స్విచ్చు నేనే వెళ్లి ఆపి వచ్చాను. టెస్టరు పెట్టి కరెంటు లేదని చూసుకున్నాక కూడా అమ్మకు మనసు కుదుటపడలేదు. బొడ్డు తడుముకుంటూ, "దోపుకోడానికి ప్లగ్గు లేని పొయ్యి ఏటి పొయ్యే?" అని గొణిగింది. వంటింటి గుమ్మంలోంచి మెయిన్ కనిపించే చోటు చూసుకుని మరీ కూర్చుంది.

వెనక రేకు ఊడదీశాం. అమ్మ ముందు ప్లేటు కింద వైర్లు చూసింది, బాగానే ఉన్నాయి. వాటిని వేలితో వెంబడిస్తూ నాబ్ వెనక్కి వచ్చింది. అక్కడ ఒక వైరు కొస నల్లగా మాడి ఉంది. దాన్ని పట్టి ఉంచాల్సిన స్క్రూ వేలితో తిప్పితేనే తిరిగింది.

"సూడే, ఇది బిగించనే లేదు. వదులుంటే నిప్పురవ్వలొస్తాయి, కాలిపోద్ది."

"అంటే నీ టక్‌టక్ వల్ల కాదన్నమాట."

అమ్మ ఆలోచించింది. "దానికీ వాటా ఉంటాదిలే. మొదలు మాత్రం ఇదే" అంది. ముఖంలోకి రంగు రావడం నేను చూశాను.

మాడిన మేర కత్తిరించింది. స్క్రూకి పట్టిన మసిని ఉప్పుకాగితంతో గీకింది. వైరు కొస ఒలిచి, స్క్రూ బిగుసుకునే వైపుకే మెలి తిప్పింది. అటువైపు తిప్పితే బిగించేకొద్దీ తీగ లోపలికి వస్తుందట, ఎదురు వైపు తిప్పితే జారిపోతుందట. చాలా ఏళ్ల తర్వాత అమ్మ నాకు ఏదో నేర్పుతోంది. నేను ఫ్యాను లేక చెమటలు కక్కుతూ వింటున్నాను, ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

అప్పుడే డ్యూటీ దిగి మా ఆయన వచ్చాడు. ఇంట్లో కరెంటు లేదు, బయట అందరికీ ఉంది. మెయిన్ పడిపోయిందనుకుని చెయ్యెత్తాడు.

"ఆగు! సెయ్యి తియ్యి! కళ్లు కనపడట్లేదేటి? లోపల మనుసులున్నారు!"

ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో. టౌన్‌షిప్పులో లైను చివరిదాకా వినిపించిన గొంతు అది. మా ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అమ్మ చేతిలో వైరు, వేళ్లనిండా మసి. తను ఎవరి మీద అరిచిందో అప్పుడు తెలిసొచ్చింది. కొంగు తల మీదకు లాక్కుని, మసి చేతులతోనే ముఖం దాచుకుంది.

మా ఆయన మెయిన్ బోర్డు కిందే నేల మీద చతికిలబడ్డాడు.

"అత్తా, మా అమ్మ పోయినంక నన్నిట్ల తిట్టినోళ్లు లేరు. నువ్వు పని కానియ్. నేను ఈడనే కాపలా కూసుంట."

అమ్మ స్క్రూ బిగించింది, లాగి చూసింది, ఇంకోసారి బిగించింది. రేకు వేసేశాం. "ఇప్పుడెయ్యండి బాబూ" అని తనే హాల్లోకి చెప్పింది. తలుపు చాటు నుంచి కాదు, నా ద్వారా కాదు.

పెద్ద ప్లేటు మీద అరచెయ్యి ఎత్తి పట్టుకుని నిలబడింది. వేడి తగిలాక తలూపింది. నన్ను ఎసరు పెట్టమని గదిలోకి వెళ్లింది. ట్రంకుపెట్టె చప్పుడు వినిపిస్తుందేమోనని గిన్నె చేత్తో పట్టుకుని అటే చెవి వేశాను. మంచం కింద నుంచి మూట లాగుతున్న చప్పుడైంది. ముడి విప్పి, పీట తెచ్చి పొయ్యి ముందు వేసింది.

"ఇది షాకు కొట్టదు కదమ్మా" అన్నాను.

"పొయ్యి ఎత్తుగుందే" అని పీట ఎక్కి, గరిటె అందుకుంది.

టక్, కలుపు, టక్. ఆపకమ్మా అని నేను అనలేదు. ఆ పూట అన్నం ఎప్పటికో గానీ ఉడకలేదు, మా ఆయన ఆకలికి ఉల్లిపాయ కొరుక్కుంటూ కూర్చున్నాడు. టికెట్టు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.