మాలీ గారు అడిగిన పేజీ

మొన్న అమెరికాలో నేనుండే షామ్‌బర్గ్‌లోని ఒక ఆసియన్ దుకాణంలో నా ముందున్నావిడ నిమ్మగడ్డి కాడ విరిచి వాసన చూసింది. ఆ ఘాటు నా దాకా రాగానే మాలీ గారి గది గుర్తొచ్చింది. ఆవిడ నిమ్మగడ్డి వేసి మరిగించిన నీళ్లే రోజంతా తాగేవారు.

మాలీ గారు బ్యాంకాక్‌లో, చైనా నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన నవలా రచయిత్రి. నేను ఎమ్మెస్ చేసిన యూనివర్సిటీలో రెండేళ్లు రచన నేర్పారు. ఆవిడ చేత్తో రాసిన ఇంగ్లీషు నవలను టైప్ చేయడం నా పార్ట్‌టైమ్ ఉద్యోగం. తన పేరుకు థాయ్‌లో మల్లెపువ్వని అర్థమని మొదటి రోజే చెప్పారు. "మా భాషలోనూ అది మల్లే మేడమ్," అన్నాను. ఆవిడ నవ్వి, నాకోసం ఇంకో కుర్చీ దగ్గరికి లాగారు.

నవల ఆవిడ తాతగారి కథ. ఓడలో వచ్చి, బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరి, పిల్లల చదువుల కోసం ఇంటిపేరు థాయ్ పేరుగా మార్చుకున్నాడాయన. ఇంట్లో చైనీస్ మాట వినపడకూడదన్నాడు. భార్యకు వేరే భాష రాదు. ముప్పయ్యేళ్లు ఆమె దాదాపు మూగగా బతికింది. ఆ అధ్యాయాలు టైప్ చేస్తూ చాలాసార్లు ఆగిపోయేదాన్ని. చివర్లో మాత్రం ఆమె, మంచం పట్టిన భర్త చెయ్యి పట్టుకుని, వచ్చీరాని థాయ్‌లో క్షమించానంటుంది. నాకది నమ్మబుద్ధి కాలేదు.

ఆ మాటే రూమ్మేట్ స్వప్నతో అన్నాను. "నీకెందుకే గవన్నీ? లైబ్రరీ ఇంటర్న్‌షిప్‌కి రికమెండేషన్ లెటర్ ఆమెనే ఇయ్యాలె. మంచిగ టైప్ చేసి ఇచ్చెయ్," అంది.

మర్నాడు మాలీ గారు, ఆమె క్షమించే ఆ చివరి కాగితం నా ముందు పెట్టారు. "నువ్వు ప్రతి అక్షరం చదివావు. ఈ పేజీ ఎలా ఉంది? మొహమాటపడకు."

"చాలా బాగుంది మేడమ్."

ఆవిడ కాసేపు నన్నే చూసి, "సరే," అని కాగితాలు సర్దుకున్నారు. వారం తిరక్కుండా లెటర్ ఇచ్చారు. ఇంత శ్రద్ధగా చదివే మనిషిని తాను చూడలేదని అందులో రాశారు. దాన్ని రెండోసారి చదవలేకపోయాను.

పుస్తకం వచ్చింది. సమీక్షకులందరూ ఆ పేజీనే మెచ్చుకున్నారు. కొన్నేళ్లకు, ఆవిడ జబ్బుపడి బ్యాంకాక్ వెళ్లిపోయారని తెలిసి ఫోన్ చేశాను.

"మా నాయనమ్మ ఆయన్ని క్షమించలేదు," అన్నారు ఉన్నట్టుండి. "ఆయన ఆఖరి రోజు కూడా గోడవైపు తిరిగి కూర్చుంది. అలా రాస్తే ఇంట్లోవాళ్లు ఏమంటారోనని మార్చాను. ఎవరైనా ఒక్కరు వద్దంటే తీసేద్దామనుకున్నా. అందుకే నిన్నడిగాను."

"నాకప్పుడే అనిపించింది మేడమ్. చెప్పడానికి భయపడ్డాను."

"నీ ముఖం చూస్తే తెలిసింది. నేనైనా ఇంకోసారి అడగాల్సింది."

థాయ్ ప్రతిలో ఆ పేజీ తిరగరాస్తానన్నారు. మొదలుపెట్టకముందే పోయారు.

ఇప్పుడు నేను పనిచేసే లైబ్రరీలో రాసే అలవాటున్నవాళ్లు కొందరు తమ కాగితాలు తెచ్చి చూపిస్తుంటారు. వెంటనే ఏమీ అనను. ఇంటికి తీసుకెళ్లి చదివి, నాకు అనిపించింది అనిపించినట్టు చెబుతాను. ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. అయినా చెబుతూనే ఉన్నాను. చెప్పవలసిన మనిషికి మాత్రం, ఆవిడ ఎదురుగా కూర్చుని అడిగిన రోజున, చెప్పలేదు.