మందు లేని జబ్బు వెంట మా మేడం

మొన్న ఆదివారం పొద్దున డోర్నకల్ నుంచి మేడం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయింది. సాయంత్రం మట్టి చేస్తున్నం," అన్నాడు. కామెర్లు ముదిరి దవాఖానలో ఉన్నారని తెలుసు. అయినా రైలెక్కేదాకా ఎవరితో ఏం మాట్లాడానో గుర్తులేదు.

ఆమె దగ్గర పరిశోధన నేర్చుకున్నవాణ్ణి నేను. చదువుతున్న మీలో చాలామందికి ఆమె తెలిసి ఉండరు. డెబ్బైలలో, జన్యువు అనే మాటే వరంగల్‌లో కొత్తగా వినిపించే రోజుల్లో, ఆమె ఏటూరునాగారం అడవి పల్లెలకు బయలుదేరారు. అక్కడ పిల్లలు కీళ్ళనొప్పులతో మెలికలు తిరిగి చనిపోయేవారు. గాలి సోకిందనుకునేవారు. రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు అదని, తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు వస్తుందని ఊరూరా రక్తం తీసి ఆమె రుజువు చేశారు. చేతికి తొడుగుల్లేవు. గాజుగొట్టాన్ని నోటితో పీల్చి రక్తం కొలిచేవాళ్ళం. ఆ రక్తం నుంచే ఆమెకు ఈ కామెర్లు అంటుకున్నాయని నా అనుమానం.

ఎనభైల నడుమ, ఇప్పటికి ఆరేడేళ్ళ కిందట, ఆ లోపాన్ని నేరుగా జన్యువులోనే చూడాలనుకున్నారు. అందుకు కావలసిన, జన్యువును ముక్కలుగా కోసే ఎంజైము విదేశం నుంచి వచ్చింది. ఆ ఎండాకాలమే ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఫ్రీజర్ ఆగిపోయింది. ఐస్ ఫ్యాక్టరీ నుంచి రిక్షాల్లో దిమ్మలు తెచ్చి పేర్చాం. సరిపోలేదు. ఎంజైము పాడైపోయింది. మేడం ఫ్రీజర్ ముందు నేలమీద కూలబడ్డారు. "జరసేపు నన్ను పలకరించకుండ్రి," అన్నారు.

మళ్ళీ తెప్పించుకునే దారి లేదు. ఆ ఎంజైమును తయారుచేసే బ్యాక్టీరియాను ఎవరినో బతిమాలి తెచ్చి, పెంచి, దాన్నుంచి ఆమే ఎంజైము తీశారు. ఏడాదికి పైగా పట్టింది. చివరికి కోసిన జన్యువు ముక్కలు ఫిల్ము మీద నల్లటి చారలుగా తేటగా పడ్డాయి; జబ్బున్నవాళ్ళ చార వేరేచోట కనిపించింది. పెద్ద పెద్ద ల్యాబుల వాళ్ళు ఆ పద్ధతి నేర్చుకోవడానికి మా ఊరొచ్చారు.

ఆ చారల్లో ఒకటి ఒక పిల్లవాడిది. జబ్బు ఇదేనని మేము వాళ్ళ పల్లెకు వెళ్ళి చెబితే వాళ్ళమ్మ మొహం వెలిగింది. "దొరికింది గదమ్మా. ఇగ మందియ్యి," అంది. మందు లేదు. నీళ్ళు బాగా తాగించమని, జ్వరమొస్తే వెంటనే దవాఖానకు తెమ్మని మాత్రం మేడం చెప్పగలిగారు. ఆ వానలకు వాగు పొంగింది. జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి దవాఖానకు తేలేకపోయారు. చనిపోయాడు.

ఆ తల్లిని పలకరించి తిరిగొస్తూ బస్సులో ఆమె అన్నారు: "మనం జబ్బు పేరు కనుక్కున్నం. పేరుతోని పిల్లగాడు బతుకుతడా?" తర్వాత సన్మానాలకు పిలిస్తే వెళ్ళలేదు. అడవికి వెళ్ళడం మాత్రం మానలేదు. మందు లేదని మొహం చాటేస్తామా అనేవారు.

డోర్నకల్ సమాధుల దగ్గరికి ఆ పిల్లవాడి తల్లి వచ్చింది, కబురెలా అందిందో, బస్సులు మారి, చిన్నబిడ్డను చంకనేసుకుని. ఈ బిడ్డకూ అదే జబ్బు. మట్టి పోసి అందరూ కదిలాక నా దగ్గరికొచ్చి, "ఇగ మా రక్తం ఎవరు సూస్తరు సారూ?" అని అడిగింది. ల్యాబు మూసేస్తారని అప్పటికే అంటున్నారు. ఆ పిల్ల నన్ను గుర్తుపట్టింది. మేము కనబడితే వేలికి సూది గుచ్చడమే దానికి తెలుసు. ఏడవకుండా, తల పక్కకు తిప్పుకుని, చిటికెన వేలు నా ముందుకు చాచింది.