పచ్చరాళ్ళ పువ్వు, పిడికెడు బియ్యం

మా వీధి చివర ఇడ్లీ బండి ఆయన చట్నీలో నీళ్ళు మరీ ఎక్కువ పోస్తున్నాడు. అనంతపురం జిల్లాలో నీళ్ళు ఎక్కువైన చోటు నాకు తెలిసి అదొక్కటే కనుక, ఎవరికి మొరపెట్టుకోవాలో తెలియక, ఇడ్లీలేవో ఇంట్లోనే వేసుకుందామని మొన్న ఆదివారం బియ్యం డబ్బా మూత తీశాను. పచ్చిబియ్యం వాసన తగలగానే, నలభై దాటిన నా నాలుక ఎనిమిదేళ్ళ పిల్ల నాలుకలాగా ఎండిపోయింది.

మా నాయన తల్లి, అంటే మా అవ్వ దగ్గర, చీరను భుజం మీద నిలపడానికి గుచ్చుకునే బంగారు బ్రోచి ఒకటి ఉండేది. అయిదు రేకుల పువ్వు, రేకుకొక పచ్చరాయి, వెనక వంకర సూది. తాత బళ్ళారిలో కుట్టుపని చేసే రోజుల్లో తెచ్చాడట. అవ్వ దాన్ని దూదిలో చుట్టి, లవంగాలు వేసి, ట్రంకు పెట్టె అడుగున దాచి, ఉగాదికీ పీర్ల పండగకీ మాత్రం బయటికి తీసేది. పెనం మీద ఓళిగలు కాలుతూ, ఇల్లంతా బెల్లమూ నెయ్యీ వాసన కమ్ముకొని ఉండగా, పొయ్యి వెలుగులో ఆ రాళ్ళు మెరుస్తుంటే, ఎండాకాలంలో మా ఊళ్ళో పచ్చగా ఉండే హక్కు వాటికే ఉందనిపించేది.

ఆ ఏడు చెనిక్కాయ పంట చేనులోనే మాడిపోయింది. నాయన బోరు వేయించాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్ళు చూసే పెద్దాయన చూపించిన చోట బోరు బండి పగలంతా గర్జించి తెల్లటి దుమ్ము కక్కింది. ఆ దుమ్ము మా మజ్జిగలోనూ, మా గచ్చకాయల మీదా, మా కనురెప్పల మీదా కూర్చుంది. పెద్దాయన టెంకాయను తప్పుపట్టలేడు గనుక గంగమ్మను పట్టాడు.

“అలిగిందప్పా. బంతిపూలకు పలకదు, బంగారు పువ్వు అడుగుతాండాది.”

పెద్దవాళ్ళెవరూ ఆ మాట పట్టించుకోలేదు. నాయన ఆ గుంత పక్కనే కూర్చొని, అమ్మ ఎంత పిలిచినా అన్నానికి లేవలేదు. ఇక ఎప్పటికీ లేవడేమోనని నాకు భయమేసింది. ఆ భయం ముందు అవ్వంటే ఉన్న భయం చిన్నదనిపించింది. అది నా తప్పుడు అంచనా.

మరుసటి మధ్యాహ్నం అవ్వ కునుకు తీస్తుంటే కొంగున ముడేసిన తాళంచెవి విప్పుకొని, పువ్వు తీసి, పసుపు రాసి, బోరు మీది రాతిపలకను రెండు చేతులా నెట్టి, దాన్ని లోపలికి వదిలేశాను. ఇనుప పైపుకు రెండుసార్లు తగిలిన చప్పుడైంది. ఆ తర్వాత ఏమీ లేదు. నీళ్ళు వస్తాయేమోనని చెవి ఆనించి చాలాసేపు విన్నాను. వేడిగాలి వచ్చింది.

పీర్ల పండగకు అవ్వ పెట్టె తెరిచింది.

“పువ్వుకు కాళ్ళొచ్చినాయా?” అని అడిగింది గానీ, చూసింది మాత్రం మా చిన్నాయన భార్య వైపు. చిన్నమ్మ చిలమత్తూరు నుంచి కొత్తగా కాపురానికొచ్చిన మనిషి. ఆ పువ్వు ఒక్కసారి పెట్టుకొని చూస్తానని ఎప్పుడో నోరు జారింది.

బియ్యం మంత్రించే ముసలాయన వచ్చాడు. ఇంట్లో ఆడవాళ్ళంతా పిడికెడు బియ్యం నమిలి విస్తరాకులో ఉమ్మాలి. తప్పు చేయనివాళ్ళది తడిగా పడుతుంది. దొంగది పొడిపిండిగా రాలుతుంది, ఒక్కోసారి నెత్తురు కూడా పడుతుందని పక్కింటి పిల్ల ప్రేమగా చెప్పింది. దొడ్లోకి పోయి ఉమ్మి చూసుకున్నాను. రాలేదు. జిల్లా కరువంతా నా నోట్లోకే వచ్చింది. వంటింట్లోకి దూరి, కుండలోంచి చింతపండు ముక్క తీసి దవడన పెట్టుకొని వచ్చి వరసలో కూర్చున్నాను.

అమ్మది తడిగా పడింది. నాదీ తడిగానే పడింది. నా పక్కన కూర్చున్న చిన్నమ్మ నమిలింది, నమిలింది, ఆకులో పొడి రాల్చింది. భయపడితే ఎవరి నోరైనా ఎండుతుందని ఇప్పుడైతే చెప్పగలను, డిగ్రీ చదివాను కదా.

“చూస్తిరా?” అంది అవ్వ.

చిన్నమ్మ తన ఆకు చూసుకుంది. నా ఆకు చూసింది. ఆ వారమే ఆమెను పుట్టింటికి పంపారు. నాలుగు నెలలకు చిన్నాయన తీసుకొచ్చాడు గానీ, అవ్వ పోయేదాకా ఆమెను ఆ పెట్టె ఉన్న గదిలో అడుగుపెట్టనివ్వలేదు. చెప్పేద్దామని నేను చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచినప్పుడల్లా ఎండిపోయేది.

ఇప్పుడు అవ్వ లేదు, నాయన లేడు, టెంకాయ పెద్దాయనా లేడు. ఆ చేనంతా సోలార్ పలకలు పరిచారు. మా నేలలో చివరికి దండిగా పండింది ఎండే. ఏ పలక కింద ఆ బోరుందో గుర్తుపట్టలేను.

మొన్న ఆదివారం చిన్నమ్మ మా ఇంట్లోనే ఉంది. వంటింటి గడపలో కూర్చొని చింతపండులో గింజలు తీస్తోంది. బియ్యం డబ్బా పట్టుకొనే అనేశాను.

“చిన్నమ్మా, ఆ పువ్వు తీసింది నేనే. గంగమ్మకని బోర్లో వేసినా.”

ఆమె చేయి ఆగలేదు.

“తెలుసు మే. నీ ఆకులో ఎర్రగా పడె. చింతపండని ఆ పొద్దే చూసినా. మీ అవ్వ బతికుండంగా చెప్పింటే నాకు పనికొచ్చుండేది.”