ఆషాఢం దాటాక రాయించుకున్న షేర్లు

మా మేనత్త దాలమ్మకు ఓర్వలేనితనం కొంచెం ఎక్కువ. కొంచెం అని మర్యాదకు అంటున్నాను. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో మనవాళ్ల ఇళ్లు ఇరవై ఉన్నా, ఆమె కళ్లు మాత్రం పక్కింటి అప్పలనరసమ్మ మీదే. ఇద్దరూ విజయనగరం వైపు నుంచి ఒకే ఏడు కాపురానికి వచ్చారు. అప్పలనరసమ్మ కొత్త బిందె కొంటే అత్తకు ఆ పూట అన్నం సహించేది కాదు.

అప్పలనరసమ్మ భర్త పరదేశి గూడ్సు ఆఫీసులో గుమాస్తా. గుఢియారీ అవతల బియ్యం మిల్లు కంపెనీలో ఆయనకు ఇరవై షేర్లుండేవి. షేరంటే ఏమిటో అత్తకు తెలియదు. అవి పక్కింట్లో ఉన్నాయి, మనింట్లో లేవు. అంతవరకూ బాగా తెలుసు.

1951లో పరదేశి అందులో సగం అమ్ముతున్నాడని విని, అవి కొనమని అత్త, లోకోషెడ్‌లో ఫిట్టరైన నూకరాజు మావయ్య ప్రాణం తీసింది. జూన్ ఆఖర్న ఆయన పది షేర్లు కొన్నాడు. పరదేశి సంతకం చేసిన బదిలీ కాగితం చేతికొచ్చేసరికి ఆషాఢం వచ్చేసింది.

"వేగిరం మిల్లు ఆపీసులో ఇచ్చీ నూకరాజూ, పుస్తకంలో పేరు మారాల" అన్నాడు పరదేశి.

అత్త అడ్డుపడింది. "ఆసాడంలో పేరు రాయించుకుంటారేటి? ఆలకంటే మనకెక్కువ కలిసిరావాల. సావణ సుక్కురోరం ఇద్దాం."

కాగితం దేవుడి గూట్లో కూర్చుంది. శ్రావణ శుక్రవారం దానికి పసుపు రాసి మరీ పట్టుకెళ్లి పేరు మార్పించుకున్నారు.

వారం తిరక్కుండా కబురొచ్చింది. మిల్లువాళ్లు తమ కింద నూనె మిల్లు కంపెనీ ఒకటి పెట్టారట. పాతవి అయిదు షేర్లున్నవాళ్లకు కొత్తది ఒకటి ఉచితం. పరదేశికి నాలుగు వచ్చాయి. మావయ్యకు ఒక్కటీ లేదు. అత్త మిల్లు ఆఫీసుకు పరుగెత్తింది.

"జూలై ముప్పై ఒకటిన పుస్తకంలో ఎవరి పేరుంటే వాళ్లకే, బాయీ" అన్నాడు అక్కడ లెక్కలు రాసే మునీమ్, హిందీలో.

"జూన్‌లోనే కొన్నాం కదా!"

"కొన్న రోజు మాకు లెక్క కాదు."

ఇక చూడాలి అత్తను. "నా సేర్లకి పుట్టిన పిల్లల్ని ఎత్తుకుపోనారు! ముందే తెలిసి అమ్మేడు!" అంది.

"తెలిస్తే వేగిరం ఇచ్చీమని ఎందుకంటాడే?" అన్నాడు మావయ్య. అత్త వినలేదు. నాలుగు రోజులు తిట్లు కూర్చుకుంది. వాళ్లింట్లోనే ఉండే నేనూ రెండు అందించాను. అప్పలనరసమ్మ దుద్దులు చూస్తే నాకూ కడుపు మండేది.

అయిదో రోజు కుళాయి దగ్గర అందరూ ఉండగా అత్త కొంగు దోపి నోరు తెరవబోయింది. ఈలోగా అప్పలనరసమ్మే ఎదురొచ్చి ఒక కాగితం చేతిలో పెట్టింది.

"నీ కాడికే వస్తన్నానొదినా. నాలుగింట్లో రెండు మీయే. మీరు కొన్నాకే కదా ఇచ్చినారు? మా ఆయన సంతకం ఎట్టీసినాడు."

కుళాయి దగ్గరున్న ఆడవాళ్లంతా అప్పలనరసమ్మను ఒకటే మెచ్చుకున్నారు. అత్త కాగితం తీసుకుని, బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

"మనయి మనకొచ్చీసినాయి కదే, ఇంకేటి?" అన్నాడు మావయ్య.

"ఆ రెండూ అది ఉంచీసుకుంటే, దానికంటే నాను మంచిదాన్ననుకోని బతికీదాన్ని కదయ్యా!"