పండగకు దాచిన బియ్యం

మా వదిన మీద పడిన ఒక నింద నా ఒక్క మాటతో పోయేది. ఆ మాట నేను అనలేదు. ఇన్నేళ్లూ అది నా మీదే కూర్చుంది. హోటల్లో వంట చేసే మనిషిని నేను, రోజూ బియ్యం కడుగుతాను. చెయ్యి బియ్యంలో పెట్టినప్పుడల్లా గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

అరకు దగ్గర మా కొండమీది ఊళ్లో డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేనే. విశాఖపట్నంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివాను. ఆ ఏడు రిజల్ట్స్ బాగా ఆలస్యమై, వానలు తగ్గాక వచ్చాయి. ఫస్ట్ క్లాస్. ట్రైనింగ్ చేసిన హోటల్లోనే ఉద్యోగం కూడా. ఆ రెండు కబుర్లూ పట్టుకుని రైలెక్కాను. సొరంగం వచ్చినప్పుడల్లా చీకట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్క సీటు ముసలాయన అడక్కపోయినా ఆయనకీ చెప్పేశాను. ఒళ్లో థర్మాకోల్ పెట్టె, అందులో ఐసు మధ్య రొయ్యలు, పీతలు. నా చదువేమిటో మావాళ్లకి నోటితో చెప్తే అర్థం కాదు, వండి పెట్టాలి అనుకున్నాను.

జపాన్ వాళ్లు సుషీ అని పుల్లటి అన్నం మీద పచ్చి చేప పెట్టుకుని తింటారు. పచ్చిది తినలేనివాళ్ల కోసం మా చెఫ్ దాన్ని వేరేగా చేసేవాడు. అన్నంలో వెనిగర్, పంచదార, ఉప్పు కలిపి ట్రేలో మందంగా పరిచేవాడు. ఉడికిన రొయ్యలూ పీత కండా మయొనైజ్‌లో కలిపి దాని మీద పూసి, పైన ఎర్రబడేదాకా ఓవెన్‌లో కాల్చేవాడు. ఎండిన సముద్రపు నాచు రేకుల్లో పెట్టుకుని తినాలి. ఆ రేకులు కొన్ని అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో ఓవెన్ లేదు కాబట్టి పెద్ద గిన్నెలో ఇసక పోసి, మూత మీద నిప్పులు పెట్టాలనుకున్నాను. అన్నీ ఆలోచించాను, అన్నం సంగతి తప్ప.

ఆ వంటకానికి అన్నం అతుక్కోవాలి. ఇంట్లో ఉన్నవి పాత కోటా బియ్యం. కొంచెం వండి చూస్తే మెతుకు మెతుకూ విడిపోయింది. అప్పటికే నాన్న ఇరుగుపొరుగుని పిలిచేశాడు. ఇసక వేడెక్కుతోంది. అప్పుడు నా చూపు మూలనున్న కొత్త కుండ మీద పడింది.

మా వైపు కొత్త ధాన్యం ఇంటికొచ్చినా కొత్తల పండగ అయ్యేదాకా ఎవరూ నోట పెట్టరు. ముందు దేవుళ్లకీ, పోయిన పెద్దలకీ వండి పెట్టాలి, ఆ తర్వాతే మనుషులు. మా అవ్వ, అంటే నాన్న తల్లి, బుద్ధెరిగాక ఒక్క ఏడు కూడా అది తప్పలేదు. తిండి లేని ఏళ్లలో, కోసిన వరి ఇంట్లో పెట్టుకుని కూడా, అడవిలో దుంపలు తవ్వుకు తిని పండగ కోసం ఆగిందట. ఆ కుండలో ఉన్నవి పండగ బియ్యం. వాటిని దంచి అక్కడ పెట్టింది మా వదిన.

కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది. అది చిన్నప్పటినుంచీ తెలిసిందే. వదిన నీళ్లకి వెళ్లింది. కావలసినన్ని తీసుకున్నాను. తీసిన మేరకి పాత బియ్యం పోసి చేత్తో కలిపేశాను. భయం వేసిందా? ఎంత తవ్వుకున్నా భయం కనిపించదు. పట్టింపులన్నీ చదువులేని వాళ్లవి అనుకున్నానా? అంత మాట కూడా అనుకోలేదు. నాకు అన్నం అతుక్కోవాలి. అంతే.

అతుక్కుంది. నాచు రేకు చూసి మా చిన్నాన్న, ఈ కార్బన్ పేపరు తింటే కడుపులో కూడా నకలు పడతాదేటే అన్నాడు. అందరూ నవ్వారు. అవ్వకి పళ్లు లేవు. మెత్తగా ఉందని మళ్లీ పెట్టించుకుంది. ఏ బియ్యమే ఇవి అని అడిగింది. పట్నం బియ్యమన్నాను. మనవరాలు పట్నం బియ్యం తినిపించిందని వీధంతా చెప్పుకుంది. ఆమె బతుకంతా కాపాడుకున్నదాన్ని, ఆమె నవ్వుతూ ఉండగా, నా చేత్తో పోగొట్టాను.

కొన్నాళ్లకే పండగ, అది చూసుకుని వెళ్దామని ఆగాను. మా ఊరి పూజలు చేసే దిసారి నైవేద్యం దించి చూశాడు. సగం చిదిమితే ముద్దయిపోతోంది, సగం పలుకుగా నిలిచింది. కలిపిన బియ్యం అన్నాడు. అందరూ వదిన వైపు చూశారు. వదినది పాచిపెంట దగ్గర చర్చికెళ్లే కుటుంబం. మా ఇంటికొచ్చాక మా పద్ధతులన్నీ పాటించేది, ఆదివారం ప్రార్థన మాత్రం మానలేదు. ఆ ఒక్కటీ చాలింది. ఆళ్లకి మన పట్టింపులేటి తెలుస్తాయని ఎవరో అన్నారు. అవ్వ అయితే వదిన అందించిన నీళ్లు తాగకుండా పక్కన పెట్టేసింది.

సాయంత్రం వదిన నన్ను పశువుల పాక వెనక్కి పిలిచింది.

"అమ్మీ, దంచి పెట్టీసినాక ఆ కుండ నాను ముట్టనేదు."

"తెలుసు వదినా."

"నివ్వు సదువుకున్నదానివి, నివ్వు సెప్తే ఇంటారు. మా వదిన తియ్యనేదని ఒక్క మాట సెప్పు. సాలు."

"అవ్వ కోపం ఎన్నాళ్లుంటాది? రెండ్రోజులు పోతే అదే సల్లారతాది."

"రేపు నివ్వెళ్లీలోపు సెప్తావు కదా?"

"సెప్తాలే."

చెప్పలేదు. మర్నాడు రైలెక్కి వచ్చేశాను. 'తెలుసు' అన్నాను చూడండి, ఆ మాట ఇప్పటికీ నన్ను కొరుకుతుంది. నేను తనని నమ్ముతున్నానని అనుకుని వదిన మొహం కాస్త తేరుకుంది. ఎలా తెలుసో నాకు తెలుసు.

ఆ కోపం రెండ్రోజుల్లో పోలేదు. ఏటా కొత్తల పండగనాడు వదిన పిల్లల్ని పెట్టుకుని బయట అరుగు మీద కూర్చునేది. అవ్వ మంచాన పడ్డాక కూడా వదిన చేతి గంజి తాగలేదు. వదిన గంజి కాచి, పక్కింటామె చేతికిచ్చి పంపేదట, ఆమె ఇంట్లో కాచినట్టు. అవ్వ పోయాక ఫోన్లో అన్నయ్య చెప్పాడు. ఆ తర్వాత వాళ్లు ఊళ్లో ఉండలేక అనంతగిరి కాఫీ తోటల పనికి వెళ్లిపోయారు.

ఎందుకు చెప్పలేదు? నిజం తెలిస్తే అవ్వ తన పట్టు పోయిందని కుమిలిపోతుందని, ఆమె కోసమే దాచానని కొన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అవ్వ పోయాక కూడా నోరు విప్పలేదుగా మరి. ఊరంతా నన్ను చూసి మురిసిపోతున్న రోజులవి. ఆ మురిపెం నాకు కావాలి. దానికి వదినని ఖర్చు చేశాను.

ఇప్పుడు చెప్పినా అవ్వ వినదు. దిసారి కూడా పోయాడట. వదిన క్షమిస్తుందేమో తెలియదు, అడిగే ధైర్యం నాకింకా రాలేదు. కానీ ఆమె ఆ రోజు నన్ను అడిగింది ఒక్క మాటే. ఎవరి ముందు అనాలో వాళ్లెవరూ లేనిచోట, మీ ముందు అంటున్నాను.

మా వదిన తియ్యలేదు. నేను తీశాను.